నాలుగున్నర అంటే ఎంత?

ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాదు, నర్సుని అంతకన్నా కాదు. హైదరాబాదులో ఒక కంపెనీలో కోడు రాసుకుని బతికే జీవిని. ఈ టపాలో ఉన్న అంకెలు చూసి ఎవరికీ ఏమీ ఎక్కించేయకండి. మా ఇంట్లో జరిగిన ఒక విషయం, దాని వల్ల ఏడాదిగా నా బుర్రలో తిరుగుతున్న ఒక లెక్క, ఈ రెండూ చెబుదామని కూర్చున్నా. కాస్త పొడుగవుతుంది, ఓపిక చేసుకోండి.

పోయినేడాది వర్షాకాలంలో మా నాన్నకి న్యుమోనియా వచ్చింది. రెండ్రోజులు మామూలు జ్వరమేలే అని పారాసిటమాల్ మీద నెట్టుకొచ్చారు. మూడో రాత్రి మాట తడబడటం మొదలయ్యేసరికి అమ్మ ఆటో పిలిచి మా ఊళ్ళోనే ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నేను రాత్రి బస్సెక్కి తెల్లారి చేరేసరికి ఆయన్ని ఐసియులోకి మారుస్తున్నారు. ఇన్ఫెక్షను రక్తంలోకి వెళ్ళింది, బి.పి. నిలబడటం లేదు, నోరాడ్రినలిన్ మొదలుపెడుతున్నాం అన్నారు. అమ్మ లోపల ఉంది. కేస్ షీట్ రాస్తున్న సిస్టర్ తలెత్తి "పేషెంటు బరువెంతండీ?" అంది. "అరవై ఉంటారండీ" అన్నా. ఆ అరవై సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పని పడుతుంది.

అమ్మ గురించి చెప్పాలి. గుంటూరు పెద్దాసుపత్రిలో 31 ఏళ్ళు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైంది. నా చిన్నప్పుడు మా వీధిలో ఎవరింట్లో సెలైన్ పెట్టినా అమ్మని పిలిచేవాళ్ళు. వెళ్ళి, సీసా కింద గొట్టంలో పడే చుక్కల వైపు ఒక కన్ను, వాచీలో సెకన్ల ముల్లు వైపు ఒక కన్ను వేసి, పెదాలు కదిలిస్తూ లెక్కపెట్టేది. పదిహేను సెకన్లు. తర్వాత చక్రం కొంచెం తిప్పి, మళ్ళీ పదిహేను సెకన్లు. నాకు అదేదో మంత్రం చదువుతున్నట్టు ఉండేది.

అందులో మంత్రమేమీ లేదని ఈమధ్యే కూర్చోబెట్టి చెప్పింది. మామూలు ఐ.వి. సెట్టులో 20 చుక్కలైతే ఒక మి.లీ. ఆ సంగతి కవరు మీదే అచ్చేసి ఉంటుంది. అర లీటరు సెలైన్ నాలుగ్గంటల్లో వెళ్ళాలంటే గంటకి 125 మి.లీ. దాన్ని 20తో గుణించి 60తో భాగించాలి, అంటే మూడుతో భాగిస్తే చాలు. నిమిషానికి 42 చుక్కలు, పదిహేను సెకన్లకి పది పదకొండు. పిల్లలకి వాడే మైక్రో సెట్టులో 60 చుక్కలకి ఒక మి.లీ., కాబట్టి గంటకి ఎన్ని మి.లీ. అయితే నిమిషానికి అన్నే చుక్కలు, అసలు భాగహారమే లేదు. "మరి 15 చుక్కల సెట్టు వస్తే?" అనడిగా. "అప్పుడు నాలుగుతో భాగించాలి. సెట్టు చూడకుండా అలవాటు కొద్దీ 42 పెట్టావనుకో, గంటకి 125 పోవాల్సింది 168 పోతుంది. అందుకే కవరు చించి అవతల పారేసేముందు చదవాలిరా" అంది. నేను సాధారణంగా కవరు పారేశాక మాన్యువల్ కోసం వెతికే రకం.

సరే, ఐసియుకి వస్తా. అక్కడ చుక్కల్లేవు. 50 మి.లీ. సిరంజి ఒకటి చిన్న మిషన్లో పడుకోబెట్టి ఉంటుంది, మిషను దాన్ని నెమ్మదిగా నెడుతూ ఉంటుంది. ముందు వైపు ఎర్ర అంకెల్లో 4.5. గంటకి నాలుగున్నర మి.లీ. అన్నమాట. మొదటి రెండు రోజులు నాకు ప్రపంచమంతా ఆ అంకెలోనే ఉంది. డాక్టరు గారు ఏం చెప్పినా సగం అర్థమయ్యేది కాదు గానీ అది మాత్రం అర్థమయ్యేది. పెరిగితే భయం, తగ్గితే సంతోషం. మా ఆఫీసులో సర్వర్ గ్రాఫులు చూసే కళ్ళే కదా ఇవీ.

మూడో రోజు సాయంత్రం విజిటింగ్ టైములో ముందు నేను వెళ్ళా. 4.5. పొద్దున్న కూడా అంతే. నాన్న కళ్ళు మూసుకుని ఉన్నారు. బయటికొచ్చి "అంతా అలాగే ఉందమ్మా, నాలుగున్నరే" అని నిశ్చింతగా చెప్పా. అమ్మ వెళ్ళింది. ఒక్కొక్కరినే పంపుతారు కాబట్టి నేను గుమ్మం దగ్గర అద్దంలోంచి చూస్తున్నా. ఆవిడ నాన్న నుదుటి మీద చెయ్యి వేసి, తర్వాత మిషన్ వైపు వంగింది. అంకె చూడలేదు, సిరంజికి అంటించిన లేబుల్ చదువుతోంది. తర్వాత సిస్టర్ని పిలిచింది.

తర్వాత అమ్మ చెప్పిన ప్రకారం మాటలివి.

"ఏమ్మా, ఇందులో ఎన్ని ఆంపుల్స్ కలిపారు?"

"నాలుగు ఆంటీ. ఊపిరితిత్తుల్లో నెమ్ము ఉంది, ఫ్లూయిడ్ తగ్గించాలి, డబుల్ స్ట్రెంత్ చేయమని సార్ రాశారు. ఇప్పుడే మార్చాను, పది నిమిషాలైంది."

"ఇంతకుముందు దాంట్లో?"

"రెండు."

"మరి రేటు?"

ఆ అమ్మాయి మొహం తెల్లబోయిందట. అప్పుడే నాన్న చేతికున్న కఫ్ బిగుసుకుంది, అది పావుగంటకోసారి కొలుస్తుంది. అంతకుముందు పైది 112 ఉన్నది 174 చూపించింది. డ్యూటీ డాక్టరు పరిగెత్తుకొచ్చారు. ఆ మిషను ఒక్క దశాంశ స్థానమే తీసుకుంటుంది, అందుకని 2.2 పెట్టారు. ఇరవై నిమిషాల్లో బి.పి. దిగింది. నాన్నకి తలనొప్పి, గుండె దడ తప్ప ఏమీ కాలేదు. ఆయన ఇప్పుడు పక్క గదిలో టీవీ పెద్ద సౌండుతో చూస్తున్నారు, ఇది రాయడానికి నేను పడుతున్న బాధ ఆ దేవుడికే తెలియాలి.

లెక్క చూడండి. డాక్టరు రాసేది కిలోకి నిమిషానికి 0.1 మైక్రోగ్రాము. 60 కిలోలకి నిమిషానికి 6, గంటకి 360 మైక్రోగ్రాములు. ఆంపుల్‌లో 2 మి.గ్రా. మందుంటుంది, రెండు ఆంపుల్స్ 50 మి.లీ.లో కలిపితే మి.లీ.కి 80 మైక్రోగ్రాములు. 360ని 80తో భాగిస్తే 4.5. నాలుగు ఆంపుల్స్ అయితే మి.లీ.కి 160, అప్పుడు రేటు 2.25 కావాలి. నాలుగు ఆంపుల్స్ వేసి 4.5 ఉంచేస్తే మందు రెట్టింపు. ఏడో తరగతి లెక్క. కానీ ఈ గొలుసులో కిలోలు, నిమిషాలు, గంటలు, మైక్రోగ్రాములు, మి.గ్రా., మి.లీ. అన్నీ ఉన్నాయి, మిషను మీద కనపడేది చివరి ముక్క ఒక్కటే. దాని వెనక సిరంజిలో ఏముందో మిషనుకి తెలీదు. నాకూ తెలీదు. అంకె మారలేదు కాబట్టే నాకు నిశ్చింతగా ఉంది. అంకె మారకపోవడమే అసలు తప్పు.

ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. ఈ మందు బైటార్ట్రేట్ అనే లవణం రూపంలో వస్తుంది, 2 మి.గ్రా. లవణంలో అసలు మందు 1 మి.గ్రా. కాబట్టి అదే ఆంపుల్ చేతిలో పెట్టుకుని ఒకరు 4 మి.గ్రా. అనొచ్చు, ఇంకొకరు 2 అనొచ్చు, ఇద్దరూ నిజమే చెబుతున్నట్టు. మన ఫీల్డులో డేట్ ఫార్మాట్లతో పడే గొడవ ఇంతకన్నా నయం అనిపించింది.

ఆ రాత్రి నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఫిర్యాదు రాసేస్తానని లాప్‌టాప్ తెరిచా. అమ్మ మూసేసింది. "ఆ పిల్ల డ్యూటీలో అయిదు బెడ్లు చూస్తోంది. విజిటింగ్ టైములో నీలాంటి వాళ్ళు పదిమంది అద్దంలోంచి చూస్తుంటే సిరంజి మార్చింది. ఆర్డరు రాసిన సారు బలం మార్చారు, రేటు పక్కన రాయలేదు. ఎవరి మీద రాస్తావు?" అంది. మర్నాడు పొద్దున్నే ఇన్‌ఛార్జి సిస్టర్ని కలిసి, డబుల్ స్ట్రెంత్ సిరంజికి రంగు లేబుల్ వెయ్యమని, లేబుల్ మీద ఆంపుల్స్ లెక్క కాకుండా మి.లీ.కి ఎన్ని మైక్రోగ్రాములో రాయమని, సిరంజి మార్చినప్పుడల్లా ఇద్దరు విడివిడిగా లెక్క కట్టమని చెప్పొచ్చింది. వాళ్ళు విన్నారు, అది వాళ్ళ మంచితనం. నా కోపం మాత్రం పోలేదు, అది ఇంకో దారి వెతుక్కుంది. ఇంజినీర్ల కోపం ఎటు పోతుందో మీకు తెలుసుగా. ప్రోగ్రాం రాశా.

ఆసుపత్రి వరండాలో, దోమల మధ్య, రెండు రాత్రులు. ఫోన్లో తెరుచుకునే చిన్న పేజీ. మందు పేరు, బరువు, డోసు, ఎన్ని ఆంపుల్స్, ఎంతలో కలిపారు, ఇవన్నీ ఇస్తే రేటు చెబుతుంది. నాన్నని ఇంటికి తెచ్చాక అమ్మకి గర్వంగా చూపించా. ఆ సిస్టర్‌కి, వాళ్ళ స్నేహితులకి పంపుదామని నా ప్లాను.

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, "ఇన్సులిన్ 50 యూనిట్లు, 50 మి.లీ.లో కలపాలి. ఎంత తీయాలో చెప్పమను" అంది. కొట్టా. 0.5 మి.లీ. అంది.

"ఒకటింబావు" అంది అమ్మ.

"లేదమ్మా, మి.లీ.కి వంద యూనిట్లు, యాభై అంటే అర."

ఆవిడ లేచి ఫ్రిజ్ తలుపులోంచి నాన్న ఇన్సులిన్ వయలు తెచ్చి నా ముందు పెట్టింది. దాని మీద మి.లీ.కి 40 యూనిట్లు అని ఉంది. నాన్నకి షుగరు వచ్చినప్పటి నుంచీ ఆ వయలు మా ఫ్రిజ్‌లో ఉంది, నేను పచ్చళ్ళ కోసం తలుపు తీసినప్పుడల్లా చూస్తూనే ఉన్నా. నేను లెక్కకి వాడుకున్నదేమో ఒక అమెరికా నర్సింగ్ పుస్తకం, అక్కడ మామూలుగా వాడేది 100 దే. మన దగ్గర రెండూ దొరుకుతాయి. సిరంజిలు కూడా వేరు, 40 దానికి ఎర్ర మూత, 100 దానికి నారింజ. నా ప్రోగ్రాం నమ్మి ఆ వయల్లోంచి అర మి.లీ. తీస్తే వచ్చేవి 20 యూనిట్లు, పేషెంటుకి సగం కూడా అందదు. తిరగేసి 40 లెక్కన ఒకటింబావు తీసేటప్పుడు చేతిలో 100 వయలు ఉంటే 125 యూనిట్లు, అంటే రెండున్నర రెట్లు. ఆ పేషెంటు షుగరు పడిపోయి లేవకపోవచ్చు.

అప్పుడు నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకోటి. ఆ రోజు సిరంజి దగ్గర సిస్టర్ చేసిన తప్పూ, నేను చేసిన తప్పూ ఒకటే. ఇద్దరం గాఢతని చూడకుండా మోసుకొచ్చాం. ఆ అమ్మాయి ఒక బెడ్డు దగ్గర ఒకసారి చేసింది. నేను కోడులో రాశాను, అది ఎన్ని ఫోన్లలోకి వెళ్తే అన్నిసార్లు, అదీ ఏ అలసటా లేకుండా చేస్తుంది. ఫిర్యాదు రాద్దామనుకున్న పెద్దమనిషిని నేను.

అమ్మ అంతటితో ఊరుకోలేదు. కీబోర్డు మీద చుక్క రెండుసార్లు పడింది, 4..5 అయింది. నా పేజీ దాన్ని నోరు మెదపకుండా 4 అనుకుని లెక్క చేసి ఇచ్చేసింది. జావాస్క్రిప్టు తెలిసినవాళ్ళకి అర్థమై ఉంటుంది, పార్స్‌ఫ్లోట్ గారి మంచితనం అది. అర్థం కానిచోట అడగదు, అర్థమైనంత వరకు తీసుకుని ముందుకెళ్ళిపోతుంది. మామూలు వెబ్‌సైట్లకి అది సుగుణం. వేల్స్‌లోని స్వాన్సీ విశ్వవిద్యాలయంలో హెరాల్డ్ థింబుల్బీ అనే ప్రొఫెసరు కాలిక్యులేటర్లూ ఇన్ఫ్యూజన్ పంపులూ తప్పు నొక్కుడుని ఇలా మౌనంగా మింగేయడం గురించి ఏళ్ళ తరబడి మొత్తుకున్నాడు. నేను ఆయన గురించి చదివింది మా అమ్మ చేతిలో దొరికిపోయాక.

మన వాళ్ళు యూనిట్ల గొడవ అనగానే 1999లో నాసా వాళ్ళ మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ పోయిన కథ చెబుతారు. నేనూ కాలేజీలో సెమినార్ ఇచ్చా దాని మీద. కానీ ఎడ్మంటన్ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. 2006లో కెనడాలోని ఆ ఊళ్ళో ఒక కాన్సర్ పేషెంటుకి ఫ్లోరోయురాసిల్ అనే మందు 5250 మి.గ్రా. నాలుగు రోజుల పాటు ఒక చిన్న పంపుతో ఎక్కాలి. అది నాలుగు గంటల్లో ఎక్కేసింది. పంపులో పెట్టాల్సింది గంటకి 1.2, పెట్టింది 28.8. మి.గ్రా.లని మి.లీ.కి ఉన్న బలంతో భాగించి, నాలుగు రోజులతో భాగించి, ఇక 24 గంటలతో భాగించడం మర్చిపోయారు. రెండో నర్సు కూడా సరిచూసింది, ఆవిడ కూడా అదే 24 మర్చిపోయింది. పైగా బ్యాగు లేబుల్ మీద రోజుకి 28.8 అనీ, గంటకి 1.2 అనీ రెండూ అచ్చేసి ఉన్నాయి. తమ లెక్కలో వచ్చిన 28.8 లేబుల్ మీద కూడా కనిపించేసరికి ఇంకేం, సరిపోయిందనుకున్నారు. అప్పటికి ఆ మందుకి విరుగుడు లేదు. (యూరిడిన్ ట్రైఅసిటేట్ అనే విరుగుడికి అమెరికాలో అనుమతి వచ్చింది 2015లో.) ఆ పేషెంటు మూడు వారాల్లో చనిపోయారు. మందుల భద్రత చూసే కెనడా సంస్థ 2007లో దీనిమీద పెద్ద నివేదిక వేసింది, ఆ నర్సులిద్దర్నీ తిట్టకుండా లేబులూ పంపూ పనిచేసే తీరూ అన్నీ విప్పి చూపించింది. నెట్‌లో దొరుకుతుంది, కోడు రాసే ప్రతివాళ్ళూ ఒకసారి చదవండి.

నాకు అందులో గుచ్చుకున్నది ఆ రెండో నర్సు. ఇద్దరు చూశారు కదా అనుకుంటాం. మా టీములో కూడా ఇద్దరు చూడందే కోడు లోపలికి వెళ్ళదు. కానీ నేను రివ్యూ ఎలా చేస్తానో నాకు తెలుసు. అవతలి వాడు రాసిన జవాబు ముందు పెట్టుకుని, అది కరెక్టేననడానికి కారణాలు వెతుక్కుంటా. శుక్రవారం సాయంత్రం అయితే అది కూడా వెతకను, బావుంది అని నొక్కేస్తా. అమ్మ వాళ్ళ వార్డులో పద్ధతి వేరేట. ఇద్దరూ కేస్ షీట్ చూసి వేర్వేరు కాగితాల మీద కట్టేవాళ్ళు, తర్వాత కాగితాలు పక్కపక్కన పెట్టేవాళ్ళు. "నాకు ఇంత వచ్చింది, నీకూ అంతేనా అని అడిగామనుకో, అవతల పిల్ల అవుననే అంటుంది. అందులో నేను సీనియర్‌ని కూడానూ" అంది. అసలు లెక్క కట్టేముందే ఒక ఉజ్జాయింపు మనసులో ఉండాలంటుంది. నోరాడ్రినలిన్ సింగిల్ స్ట్రెంత్ అయితే మామూలుగా మూడో నాలుగో అయిదో ఉంటుంది, నలభై అయిదు వచ్చిందంటే చుక్క జారిపోయిందని. అర అని రాయాలంటే 0.5 అనే రాయాలి, ముందు సున్నా లేకపోతే 5 అయిపోతుంది. అయిదు అంటే 5, దాని వెనక చుక్క పెట్టి సున్నా పెడితే 50 అయిపోతుంది. ఇవి ఆవిడ ఎక్కడా చదివినవి కాదు, చేతిరాత ఆర్డర్లతో 31 ఏళ్ళు వేగడం వల్ల వచ్చినవి. అమెరికాలో ఆసుపత్రుల్ని తనిఖీ చేసే జాయింట్ కమిషన్ 2004లో వేసిన నిషేధాల జాబితాలో సరిగ్గా ఈ రెండూ ఉన్నాయి.

మందు పేరు, గాఢత గుర్తుపెట్టుకుని హద్దు దాటితే అరిచే పంపులు ఉన్నాయి, పెద్ద ఆసుపత్రుల్లో వాడతారు కూడా. మా ఊళ్ళో ఉన్నది గంటకి ఎన్ని మి.లీ. అని మాత్రమే అడిగే రకం. ఖరీదైనది పెట్టినా లోపల మందుల జాబితా ఎవరో ఒకరు నింపాలి, దాంట్లో ఇన్సులిన్ 40 అని నింపుతారో 100 అని నింపుతారో మళ్ళీ అదే కథ. అది నింపేది నాలాంటివాడే అయ్యుంటాడు.

పేజీని మొత్తం తిరగరాశా. ఇప్పుడు ఏ గాఢతా దానంతట అది అనుకోదు, వయలు చూసి మీరే కొట్టాలి. రెండు చుక్కలు పడితే ఆగిపోతుంది. జవాబు చూపించే ముందు "మీ ఉజ్జాయింపు ఎంత?" అని అడుగుతుంది, అది కొట్టందే జవాబివ్వదు. రెండింటికీ సగానికో రెట్టింపుకో తేడా ఉంటే ఎరుపులో ఆగుతుంది. అమ్మకిచ్చా. "ముందు నన్నే అడుగుతుందేంట్రా ఇది, ఇంకెందుకూ?" అని నవ్వింది గానీ పది నిమిషాలు వాడింది. ఆ పది నిమిషాల్లో బరువు గడిలో నాన్న బరువు కొట్టబోయి ఆగి, "ఆసుపత్రిలో 60 అని ఎవరు రాయించారు?" అంది.

చెప్పా.

"ఆయన వేసవిలోనే 52 ఉన్నారు. ఇంట్లో తూకం మిషను ఉందిగా" అంది. నోరాడ్రినలిన్‌ని ఎలాగూ బి.పి. చూసి పెంచుతారు తగ్గిస్తారు, అక్కడ పెద్ద తేడా రాలేదు. అదే హెపారిన్ అయితే కిలోకి గంటకి 18 యూనిట్లు, 936 వెళ్ళాల్సినచోట 1080తో మొదలయ్యేది. నాన్న బరువు నాకు ఎప్పటి నుంచి తెలీదో లెక్కపెడితే, నేను హైదరాబాదు వెళ్ళినప్పటి నుంచీ అని తేలింది.

అందుకని బరువు గడి పక్కన ఇంకో గడి పెట్టా: "తూచారా? ఎవరైనా చెప్పారా?" చెప్పారు అని నొక్కితే ఎవరు చెప్పారో రాయాలి. ఆ సిస్టర్‌కి పేజీ ఇంకా పంపలేదు. అమ్మ ఈ వారం మైక్రో సెట్టు లెక్కలతో మళ్ళీ కూర్చుంటానంది, ఇప్పటికి కాగితం మీద ఆరు తప్పులు రాసి ఫ్రిజ్‌కి అంటించింది.